బూజు పట్టిన చెక్కను ఎండబెట్టి ఆవుకి పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాకు రెండు జెర్సీ ఆవులున్నాయి. మొన్న నవంబర్ వానలకి షెడ్డు కారి వేరుశనగ చెక్క మూట తడిసింది, అడుగున పచ్చగా బూజు పట్టింది. రెండు రోజులు ఎండబెట్టి, దులిపి, తవుడులో కలిపి పెడుతున్నాను. ఏడాదిన్నర మనవడు ఆ పాలే తాగుతాడు. బాగా కాచి ఇస్తున్నాను, పర్వాలేదా?
- ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: పర్వాలేదని చెప్పలేనమ్మా. ఆ మూట ఈ పూటే ఆపేయండి. దులిపితే పైన కనిపించే బూజు పోతుంది గానీ అది చెక్కలోకి వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండకి, దులుపుడుకి పోయేది కాదు. వేరుశనగ, మొక్కజొన్న, పత్తిగింజల చెక్క తడిస్తే ఈ బూజు త్వరగా పడుతుంది. ఆవు తిన్న విషం కాలేయంలో కాస్త రూపం మార్చుకుని ఒక రోజులోపే పాలలోకి దిగుతుంది, తిన్నదాంట్లో మామూలుగా నూటికి ఒకటి రెండు వంతులు, ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఇంకా ఎక్కువ. ఎంత కాచినా అది పోదు, తోడు పెడితే పెరుగులోకీ వస్తుంది. మన దేశంలో కిలో పాలలో 0.5 మైక్రోగ్రాము దాటకూడదని నిబంధన ఉంది. 2018లో దేశమంతా తీసిన 6,432 పాల నమూనాల్లో 368 ఆ హద్దు దాటాయి, అంటే ఇది మీ ఒక్కరి ఇంటి సమస్య కాదు.

మేత మారిస్తే నాలుగైదు రోజుల్లో పాలు తేరుకుంటాయి. ఒక వారం బాబుకి వేరే పాలు ఇవ్వండి, ఈ పాలు కేంద్రానికి కూడా పోయొద్దు. నష్టమే, నాకు తెలుసు, కానీ అక్కడా తాగేది పసిపిల్లలే. ఇన్నాళ్లూ తాగించానే అని టెన్షన్ పడకండి, ముఖ్యంగా భయపడాల్సింది ఏళ్ల తరబడి తాగడం వల్ల కాలేయానికి జరిగే హాని గురించి. అయినా ఒకసారి పిల్లల డాక్టరుకి చెప్పండి.

ఆ చెక్కను కోళ్లకి మాత్రం వేయొద్దు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోయాకే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషం బయటపడింది. గుంట తీసి పూడ్చేయండి. కొత్త మూటను నేల మీద కాకుండా చెక్కబల్ల మీద, గోడకి జానెడు దూరంగా పెట్టండి. పెట్టేముందు గడ్డ విరిచి చూడండి: లోపల పసుపు పచ్చ పొడి రాలినా, ముక్కిన వాసన కొట్టినా వద్దు. రుచి మాత్రం చూడకండి.