సమాచార అధికారి కుర్చీలో కూర్చున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

సూపరింటెండెంట్‌గా ప్రమోషన్ వచ్చిందని సంతోషించేలోపే పౌర సమాచార అధికారి బాధ్యత కూడా నీ నెత్తినే పెట్టారని మీ అమ్మ చెప్పింది. చేరగానే లస్కరు (కాలవ తూముల దగ్గర నీళ్లు వదిలే, కట్టే ఉద్యోగి) మీద ఒక సమాచార హక్కు చట్టం (సహ చట్టం) అర్జీ వచ్చి పడిందట, రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నావట. జలవనరుల శాఖలో అదే సీటులో కూర్చుని రిటైరైనవాణ్ణి కదా, ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరమే రాస్తున్నాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన అర్జీ చదివాను. శివారు రైతు. దాళ్వాలో (రెండో పంటకు) వంతు ప్రకారం తన బోదెకు (పొలానికి నీళ్లు తెచ్చే పిల్లకాలవకు) నీళ్లు రావాల్సిన రాత్రుల్లో రాలేదని ఆయన బాధ. ఆ తూము దగ్గర డ్యూటీ ఎవరిది, హాజరు పట్టీ నకలు, ఆ నెలలో లస్కరు పెట్టిన సెలవు కాగితాలు, సర్వీసు రిజిస్టరు మొత్తం నకలు, జీతం వివరాలు కావాలన్నాడు. ఇటు లస్కరేమో నీ దగ్గరికొచ్చి ‘మేడమ్, నా కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు’ అన్నాడు. వెనకాలే యూనియన్ వాళ్లూ వచ్చారు.

ముందుగా, ఈ రైతుకి ఇవన్నీ ఎందుకు అని అడగకు. 6(2) సెక్షన్ ప్రకారం ఆయన కారణం చెప్పనక్కర్లేదు. లస్కరుకీ ఆయనకీ గట్టు తగాదా ఉందని ఆఫీసులో ఎవరో చెప్తారు. ఉంటే ఉండనీ, నువ్వు చూడాల్సింది కాగితాన్ని.

అర్జీ మొత్తానికి ఒకే జవాబు వెతుకుతున్నావు కాబట్టే నీకు దారి కనపడటం లేదు. ఒక్కో అంశాన్నీ విడదీసి చూడు. డ్యూటీ చార్టు, హాజరు పట్టీ ఆ మనిషి ఇంటి సంగతులు కావు. ప్రభుత్వం జీతమిచ్చి తూము దగ్గర పెట్టిన మనిషి ఆ రాత్రి అక్కడ ఉన్నాడా లేడా అన్నది ఆయకట్టు రైతు అడగదగ్గ ప్రశ్నే. ఇచ్చెయ్.

సెలవు కాగితాల్లో రెండు రకాల సంగతులుంటాయి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రకం సెలవు, ఎవరు మంజూరు చేశారు, ఆయన బదులు ఎవరిని పెట్టారు అన్నవి ఆఫీసు వ్యవహారం. డాక్టరు సర్టిఫికెట్‌లో రాసిన జబ్బు పేరు మాత్రం ఆయనదీ, ఆయన డాక్టరుదీ. రైతు ప్రశ్నకు జబ్బు పేరుతో పనేముంది? బదులు మనిషిని వేశారా లేదా అన్నదే అసలు సంగతి. నన్నడిగితే ఈ అర్జీలో ప్రాణమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. మంజూరు ఉత్తర్వు నకలు ఇవ్వు, మెడికల్ సర్టిఫికెట్ ఆపు.

సర్వీసు రిజిస్టరు మొత్తం జిరాక్స్ తీయించి చేతికివ్వడమంత పొరపాటు ఇంకోటి లేదు. మొదటి పేజీ తెరిచి చూడు. పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, చేతివేళ్ల ముద్రలు ఉంటాయి. తర్వాత నామినీల పేర్లు. వీటికీ నీళ్లు రాకపోవడానికీ సంబంధమేమిటి? ఆ తూము మీద ఎప్పటి నుంచి పనిచేస్తున్నాడో తెలిపే పోస్టింగు ఎంట్రీ ఇస్తే రైతుకు కావాల్సింది అందినట్టే.

జీతం దగ్గర అందరూ తికమక పడతారు. 4(1)(బి) ప్రకారం ప్రతి ఉద్యోగి నెల జీతాన్ని, ఉద్యోగుల జాబితాను ఎవరూ అడక్కుండానే మనమే ప్రకటించాలి. అందుకని మూల వేతనం, డీఏ, హెచ్‌ఆర్‌ఏ చెప్పడానికి వెనకాడకు. అదే పే స్లిప్పులో కోతల వైపు చూడు. సొసైటీ అప్పు, ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా), పీఎఫ్ మీద తీసుకున్న అడ్వాన్సు, ఒక్కోసారి కోర్టు అటాచ్‌మెంటు కూడా ఉంటుంది. అది ఆ కుటుంబం బతుకు లెక్క. అది మూసెయ్. భార్యాభర్తల మనోవర్తి గొడవల్లో భర్త జీతం అడుగుతూ భార్య పెట్టే అర్జీలూ నీకు వస్తాయి. 2018లో మధ్యప్రదేశ్ హైకోర్టు భర్త జీతం ఎంతో తెలుసుకునే హక్కు భార్యకు ఉందనే చెప్పింది.

ఇలా కొంత ఇచ్చి కొంత ఆపడానికి చట్టంలో 10వ సెక్షన్ ఉంది. పాత గుమాస్తాలకు అది గుర్తుండదు. ఒక లైను ఇవ్వకూడనిదైతే పేజీ అంతా ఆపేస్తారు, పేజీ ఆపితే ఫైలంతా ఆపేస్తారు. నువ్వలా చేయకు. ఇంకో చిన్న పని చెప్తాను, దీన్ని తేలిగ్గా తీసుకోకు. నకలు మీద మార్కరుతో కొట్టేసి అదే కాగితం చేతికివ్వకు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కింది అక్షరాలు దర్జాగా కనిపిస్తాయి. కొట్టేసిన కాగితాన్ని మళ్లీ జిరాక్స్ తీయించి ఆ రెండో ప్రతి ఇవ్వు. కంప్యూటర్లో నల్ల డబ్బా అడ్డం పెట్టి పీడీఎఫ్ పంపితే కూడా ఇదే తంటా, డబ్బా పక్కకు జరిపితే అంతా బయటపడుతుంది. ఎక్కడ ఏది కొట్టేశావో, ఎందుకు కొట్టేశావో జవాబులో రాయి.

ఇక అసలు చిక్కు 8(1)(జె). మొన్నటిదాకా అది పొడుగ్గా ఉండేది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, అకారణంగా ఒకరి ఏకాంతంలోకి చొరబడే సమాచారాన్ని ఆపవచ్చు, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే మాత్రం ఇవ్వాలి అని. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఆ షరతులన్నీ కత్తిరించి ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది’ అనే ముక్క ఒక్కటే మిగిల్చింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. దీంతో మనిషి పేరున్న కాగితమల్లా ఆపేయొచ్చని ఆఫీసుల్లో మహా హుషారు. నాకైతే ఈ మార్పు నచ్చలేదు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన మాట నిజమే, కానీ తూము దగ్గర డ్యూటీ ఎగ్గొట్టినవాడికి చాటు ఇవ్వడానికి ఆ తీర్పు చెప్పలేదు.

అయినా 8(2) అలాగే ఉంది, అది మరిచిపోకు. దాపరికం వల్ల కాపాడే మేలు కంటే వెల్లడి వల్ల జరిగే ప్రజల మేలు ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు. అక్కడ నిర్ణయం ప్రభుత్వ యంత్రాంగానిది అని ఉంది కాబట్టి నీ ఒక్కదాని తలమీద వేసుకోకుండా నోట్ రాసి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి ఫైలు పెట్టు. జీతాల ప్రకటన గురించిన 4వ సెక్షన్‌నూ ఈ మార్పు ముట్టుకోలేదు.

మెమోలు, చార్జిషీట్లు అడిగితే జాగ్రత్త. 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగి మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షల ఉత్తర్వులు, ఆదాయపు పన్ను రిటర్నులు వ్యక్తిగత సమాచారమేనంది. కాబట్టి ఊరికే ఇవ్వకు. కాలవ పూడిక పనుల్లో డబ్బు తిన్నట్టు తేలి శిక్ష పడిన ఫైలైతే వేరు, అక్కడ పోయింది ప్రజల సొమ్ము. దొంగ సర్టిఫికెట్‌తో ఉద్యోగం కొట్టాడన్న కేసూ అంతే. అలాంటప్పుడు 8(2) కింద తూచి, ఎటు మొగ్గావో కారణంతో రాయి.

లస్కరు వద్దన్నాడు కదా అని అడిగావు. ఆయన గోప్యంగా ఉంచమన్న కాగితం ఇవ్వాలనుకుంటే 11వ సెక్షన్ ప్రకారం అర్జీ అందిన 5 రోజుల్లో ఆయనకు నోటీసు ఇవ్వాలి, అది అందాక జవాబుకు 10 రోజుల గడువుంటుంది. ఆయన చెప్పింది విని నిర్ణయం నువ్వు చేయాలి. ‘నాకిష్టం లేదు’ అన్నంత మాత్రాన అర్జీ ఆగదు. నోటీసు ఇచ్చిన కేసుల్లో 40 రోజుల్లోగా తేల్చాలి, మామూలుగా అయితే 30. మీ తపాలా ముద్ర మీది తేదీ చూసుకో, నీకు వచ్చేసరికే రెండు రోజులు పోయాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. రైతు ఫోన్ నంబరు ఆ నోటీసులో పెట్టకు, యూనియన్ వాళ్లకి నోటితోనూ చెప్పకు. పల్లెటూళ్లో అర్జీ పెట్టిన సంగతి సాయంత్రానికల్లా టీకొట్టుకు చేరుతుంది. ఉద్యోగికి గోప్యత ఉందని ఇంత ఆలోచిస్తున్నవాళ్లం, అర్జీదారుకీ ఉందని మరిచిపోతే ఎలా?

తిరస్కరించే భాగానికి ‘8(1)(జె) ప్రకారం ఇవ్వలేము’ అని ఒక్క ముక్క గిలికి పంపేవాళ్లున్నారు, అది బద్ధకం. ఏ అంశం, ఎందుకు, ఎవరికి ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవాలి అన్నీ రాయాలి. అప్పీల్లో తిరస్కారం సరైనదేనని రుజువు చేసుకోవాల్సిన భారం మనదే, ఆయనది కాదు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250, మొత్తం 25,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది, అదీ నీ సొంత జీతంలోంచి.

ఈఈ గారు ఒప్పుకుంటే వంతుల పట్టిక, ఏ తూము దగ్గర ఏ లస్కరు డ్యూటీయో లాకు దగ్గర బోర్డు మీద రాయించు. ఇంటి అడ్రసులూ సొంత నంబర్లూ అక్కర్లేదు, సెక్షన్ ఆఫీసు నంబరు చాలు. సగం అర్జీలు రావడమే మానేస్తాయి.

జవాబు ముసాయిదా రాసి పంపించు, చూస్తాను. ఆదివారం మీ అమ్మతో వస్తే నా చట్టం పుస్తకం తీసుకెళ్లు. అది పాత ముద్రణ, 8(1)(జె) దగ్గర కొత్త పాఠం చీటీ మీద రాసి అంటించుకోవాలి.

ఇట్లు
మీ మావయ్య