గుడ్లకు రంగు మరకలుగా పడుతోందా? కారణం జిడ్డు

నాలుగేళ్ల పిల్లలతో ఈస్టర్ గుడ్లకు రంగు వేయిస్తే మచ్చలు మచ్చలుగా పట్టిందని, సగం గుడ్లు ఉడికేటప్పుడే పగిలాయని రాశారు కదండీ.

ముందు పగుళ్ల సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డును మరిగే నీళ్లలో వేస్తే లోపలి గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పెంకు చిట్లుతుంది. చల్లటి నీళ్లలోనే వేసి పొయ్యి మీద పెట్టండి. మరగగానే ఆపేసి, 12 నిమిషాలు మూత పెట్టి ఉంచి, చన్నీళ్లలోకి మార్చండి.

మచ్చలకు కారణం చేతుల జిడ్డు. ఆరిన గుడ్డును వెనిగర్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి తుడవండి. అర కప్పు వేడినీళ్లు, ఒక టీస్పూను వెనిగర్, 15 నుంచి 20 చుక్కల ఫుడ్ కలర్ మీరే కలిపి, గోరువెచ్చగా అయ్యాకే పిల్లల ముందు పెట్టండి. వెనిగర్ తగ్గితే రంగు పాలిపోతుంది. తెల్ల గుడ్లే ఎంచుకోండి.

చిన్న వేళ్లకు చెంచా నిలవదు. గుడ్లు గిలకొట్టే తీగల విస్క్‌లోకి గుడ్డును దూర్చి ఇవ్వండి, పిడి పట్టుకుని హాయిగా ముంచుతారు. 5 నిమిషాలు చాలు. తీశాక తుడవనివ్వకండి, తడి రంగు లేచిపోతుంది.

గుడ్డు పడని పిల్లలుంటే అందరికీ చెక్క గుడ్లే ఇవ్వడం మేలు, ఒక్కరిని పక్కన కూర్చోబెట్టడం అన్యాయం. ఉడికించిన గుడ్లు రెండు గంటలకు మించి ఫ్రిజ్ బయట ఉంటే తినిపించకండి. దాచిన గుడ్లను పిల్లలు వెతికే గుడ్ల వేట ఆటలో ఒక్కొక్కరికి ఒక రంగు కేటాయిస్తే ఎవరూ ఖాళీ బుట్టతో ఏడవరు.