3/4 − 2/3 = 1 అని రాసే పిల్లలకు ఎలా చెప్పాలి?

మీ పాప పైవాటిలోంచి పైవి, కిందవాటిలోంచి కిందవి తీసేసి 1/1 అని రాసిందన్నారు. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) జోలికి పోకముందే ఒకటి అడగండి: ముప్పావు ఎకరంలో కొంత అమ్మేస్తే ఎకరం మిగులుతుందా? మిగలదని తనే చెబుతుంది. హారం ముక్క ఎంత పెద్దదో చెబుతుంది, లవం ముక్కలెన్నో చెబుతుంది. ముక్కలు ఒకే సైజులో లేనప్పుడు తీసివేత కుదరదు.

మన గోదావరి జిల్లాల్లో ఎకరానికి 100 సెంట్లు కాబట్టి నాలుగో వంతులు, ఐదో వంతులు తేలిగ్గా దిగుతాయి. 3/4 ఎకరంలోంచి 2/5 ఎకరం పోతే 75 − 40 = 35 సెంట్లు. కాగితం మీద 15/20 − 8/20 = 7/20. 35/100ని 5తో కొట్టేస్తే వచ్చేదీ అదే.

మూడో వంతు దగ్గరే సెంట్లు మొరాయిస్తాయి. 2/3 ఎకరం అంటే 66.67, తెగదు. అక్కడ ఎకరం వదిలేసి గంట పట్టుకోండి. ఇంజను ముప్పావు గంట నడపాలి, 2/3 గంట నడిచింది. 45 − 40, ఇంకా 5 నిమిషాలు, అంటే గంటలో 1/12. పుస్తకం పద్ధతిలో 9/12 − 8/12. రెండు హారాలతోనూ తెగే కొలత ఎంచుకోవడమే క.సా.గు. చేసే పని.

పాత కొలతలు మానిక, తవ్వ, సోల, అరసోల, గిద్ద అన్నీ సగం సగంగా దిగుతాయి, అంటే మానికకు 16 గిద్దలు. అందుకే మామ్మలకు ఈ బాధ లేదు, పెద్ద హారమే రెండిటికీ సరిపోతుంది. 3/4 మానిక బియ్యంలో 5/16 తీస్తే 12 గిద్దల్లో 5 పోయి 7 గిద్దలు, 7/16.

మిశ్రమ భిన్నాల్లో ఇంకో తప్పు పొంచి ఉంటుంది. రెండుంపావు ఎకరాల్లో 1 2/5 ఎకరం కౌలుకిస్తే, 2/5 పెద్దదని దాన్లోంచే 1/4 తీసేసి 1 3/20 అంటారు. అలా కాదు, ఒక ఎకరాన్ని విడగొట్టి 20/20 తెచ్చుకోవాలి: 1 25/20 − 1 8/20 = 17/20. సెంట్లలో 225 − 140 = 85, సరిపోయింది. అన్నట్టు, దస్తావేజులో 1.05 అంటే ఎకరం 5 సెంట్లు, 1.5 అంటే ఎకరంన్నర. పెద్దవాళ్లే తడబడే చోటు ఇది.

ఇంతకంటే పెద్ద చిక్కు ‘లో’ దగ్గర వస్తుంది. పూతరేకులకు తెచ్చిన 3/4 కేజీ బెల్లంలోంచి 1/3 కేజీ వాడితే మిగిలేది 5/12 కేజీ, సుమారు 417 గ్రాములు. అదే ఆ బెల్లంలో మూడో వంతు వాడితే పోయేది పావు కేజీయే, అర కేజీ మిగులుతుంది. రెండో దాంట్లో ముందు గుణకారం, ఆ తర్వాతే తీసివేత. లెక్కలో 1/3 కనబడగానే దాని పక్కన ‘కేజీ’ ఉందా లేదా అని పాపతో వేలు పెట్టి చూపించమనండి.