క్రూగర్‌కు ప్యాకేజీ అక్కర్లేదు, సొంత కారు చాలు

సందేహం: జోహన్నెస్‌బర్గ్‌కు ఉద్యోగం మీద వచ్చి ఐదు నెలలైంది. ఊరి నుంచి అత్తగారు, మామగారు వస్తున్నారు. వారికి దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు (వన్యప్రాణుల అభయారణ్యం) చూపించాలని ఉంది కానీ, సఫారీ ప్యాకేజీల ధరలు వింటేనే గుండె గుభేలుమంటోంది. వేరే మార్గం ఉందా?

జవాబు: ఉంది. క్రూగర్‌లో ముఖ్యమైన దారులు చాలావరకు తారు రోడ్లే కాబట్టి, మీరు రోజూ ఆఫీసుకు వెళ్ళే చిన్న కారులోనే నిశ్చింతగా తిరగవచ్చు. డబ్బు పెట్టవలసింది వాహనం మీద కాదు, పార్కు లోపలి బస మీద. పార్కు బయట హేజీవ్యూ అనే ఊళ్ళో గది కాస్త చవకగా దొరికినా, పొద్దున్నే గేటు దగ్గర వరుసలో నిలబడి లోపలికి చేరేసరికి, సింహాలూ హైనాలూ ఇంకా దారుల మీద కనిపించే ఆ చల్లని తొలి గంట కాస్తా గడిచిపోతుంది. లోయర్ సబీ వంటి శిబిరాల్లో ఉమ్మడి స్నానాల గదులుండే గుడిసెలు తక్కువ అద్దెకే దొరుకుతాయి. ఉమ్మడి వంటగదిలో అన్నం వండుకోవచ్చు కానీ, గిన్నెలూ గరిటెలూ మనవే ఉండాలి. బస బుకింగ్ దాదాపు 11 నెలల ముందే మొదలవుతుంది కనుక పాఠశాల సెలవుల రోజులను వదిలి చూసుకోండి.

ప్రవేశ రుసుము మనిషికి, రోజుకు లెక్క. పర్యాటక వీసా మీద వచ్చే పెద్దవాళ్ళకు విదేశీయుల ధరే పడుతుంది, అది స్థానికుల ధరకు కొన్ని రెట్లు. ఎక్కువ రోజులు ఉండదలిస్తే, ఏడాది పాటు చెల్లే వైల్డ్ కార్డుతో (జాతీయ పార్కుల ప్రవేశ కార్డు) పోల్చి చూసుకున్నాకే డబ్బు కట్టండి.

వెళ్ళడానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు మంచి కాలం. గడ్డి ఎండి చూపు దూరం ఆనుతుంది, జంతువులు నీటిని వెతుక్కుంటూ నదుల దగ్గరికి చేరతాయి, మలేరియా భయమూ తక్కువ (అయినా పెద్దవాళ్ళ విషయంలో డాక్టరును అడగడం మానకండి). కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒక్క రోజులో పార్కంతా చుట్టేయాలనుకోవడం. ఉత్తర దక్షిణాలుగా 360 కిలోమీటర్ల అడవి అది. తారు రోడ్డు మీద వేగ పరిమితి గంటకు 50, మట్టి రోడ్డు మీద 40. స్కుకూజా శిబిరం నుంచి లోయర్ సబీకి నది వెంట వెళ్ళే 45 కిలోమీటర్ల దారికే సగం పూట కేటాయించండి. చివర్లో వచ్చే సన్‌సెట్ డ్యామ్ దగ్గర ఇంజను ఆపి కూర్చుంటే చాలు, నీటి ఏనుగులూ మొసళ్ళూ కారు కిటికీలోంచే కనిపిస్తాయి.

చీకటి పడ్డాక సొంత కారులో తిరగనివ్వరు, శిబిరం గేటుకు ఆలస్యమైతే జరిమానా. అందుకే, పార్కు వారే నడిపే సాయంకాలపు సఫారీ ఒక్కదానికి మాత్రం డబ్బు తీసి పక్కన పెట్టండి. ఆ బండి పక్కలు తెరిచే ఉంటాయి. ఇక్కడ జూలై అంటే చలికాలం, కాబట్టి మామగారికి మఫ్లరు, అత్తగారికి దుప్పటి తప్పవు. ఇంకొక్క మాట: విహార స్థలాల్లో తినుబండారాలు బల్ల మీద పెట్టి అటు తిరగకండి. మేము ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికల డబ్బాను ఒక కోతి మూత తీసి మరీ తిన్నది, డబ్బా మాత్రం వదిలేసింది.