శాన్ డియాగోలో పొద్దుగూకాక కయాక్ ఫిషింగ్: కొత్తగా వచ్చినవాళ్ళకి

వీసా మీద ఉన్నాం, చేపలు పట్టే లైసెన్స్ ఇస్తారా అని అడుగుతుంటారు మనోళ్ళు. ఇస్తారండీ, వీసాతో పనిలేదు, కాలిఫోర్నియాలో వరసగా ఆర్నెల్లు ఉంటే రెసిడెంట్ రేటు, లేకపోతే నాన్ రెసిడెంట్ రేటు. 16 ఏళ్ళు నిండితే ఉండాల్సిందే, ఇక్కడి సముద్రానికి ఓషన్ ఎన్‌హాన్స్‌మెంట్ వాలిడేషన్ అని ఇంకోటి కూడా కొనాలి.

చేప పడటం పెద్ద విషయం కాదు, చీకట్లో ఒడ్డుకి రావడమే కష్టం. అందరూ లా హోయా బీచ్ అంటారు, కెల్ప్ (పొడుగు సముద్రపు నాచు) దగ్గర ఎల్లోటెయిల్ చేపలు పడతాయి నిజమే (పక్కనే చేపలు పట్టకూడని రిజర్వ్ ఉంది, మ్యాప్ చూసుకోండి), కానీ అక్కడ కయాక్ నీళ్ళలోకి దించేదీ, ఒడ్డుకి తెచ్చేదీ అలల్లోనే. పగలైతే వెనక పెద్ద అలలు వస్తున్నాయో లేదో చూసి, అవి పోయాక వస్తాం, రాత్రి అదే కనపడదు, చప్పుడు విని అంచనా వేయాలి. ఒడ్డు దగ్గర కయాక్ మీంచి దిగేటప్పుడు సముద్రం వైపుకే దిగండి, కయాక్‌కీ ఒడ్డుకీ మధ్యలో ఉంటే అల దాన్ని తెచ్చి మీ కాళ్ళకేసి కొడుతుంది. గాలం రాడ్లు ముందే కయాక్‌కి కట్టేయండి.

అందుకే మొదట మిషన్ బే. అలలుండవు, స్పాటెడ్ బే బాస్, హాలిబట్ చేపలు దొరుకుతాయి, హాలిబట్ 22 అంగుళాలు లేకపోతే వదిలెయ్యాలి.

లైఫ్ జాకెట్ ఒంటిమీదే ఉండాలండీ, కయాక్‌లో పడేసి కాదు, చలికాలం నీళ్ళు 14, 15 డిగ్రీలే, పడితే ఈత వచ్చినా చేతులు మొద్దుబారిపోతాయి. తెల్ల లైటు, విజిల్, రాత్రి పనికొచ్చే డిస్ట్రెస్ సిగ్నల్ (ఆపదలో ఉన్నామని చూపించేది) రూల్ ప్రకారం ఉండాలి. లైటు పొడుగు కర్రకి పెట్టి వెనక నిలబెట్టండి, మోటర్ బోటు వాడికి మీరు కనపడాలి కదా. వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవల్లో వాడే వాకీటాకీ) 16వ ఛానల్‌లో కోస్ట్‌గార్డ్ వింటారు, ఫోన్ తడిస్తే అంతే సంగతులు. శాంటా అనా గాలి (ఎడారి వైపు నుంచి వీచే గాలి) ఉందన్న రోజు మానేయండి, అది ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుంది.

లాబ్‌స్టర్ సీజన్ సెప్టెంబర్ ఆఖర్లోనో అక్టోబర్ మొదట్లోనో మొదలై మార్చి మధ్యదాకా, అవి బయటికొచ్చేదే రాత్రి. హూప్ నెట్లు (లాబ్‌స్టర్లు పట్టే రింగు వలలు) మనిషికి 5 మించకూడదు, రోజుకి 7 లాబ్‌స్టర్లే, కొలత గేజ్, పట్టినవి రాసుకునే రిపోర్ట్ కార్డ్ తప్పనిసరి, చిన్నవైతే అక్కడికక్కడే వదిలెయ్యాలి. వండుకోండి, పక్కింటోళ్ళకి ఇవ్వండి, వాట్సాప్ గ్రూపులో రేటు మాత్రం పెట్టకండి, స్పోర్ట్ లైసెన్స్ మీద పట్టింది అమ్మితే నేరం.