ఇంట్లో చేసి చూపించండి

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి. “చిన్న మేకు మునుగుతుంది కదా, అంత పెద్ద ఇనుప ఓడ ఎలా తేలుతుంది?” అని అడుగుతోంది. బరువు తక్కువైతే తేలుతుందని చెబితే ఒప్పుకోవడం లేదు. ఇంట్లో చూపించగలిగే ప్రయోగం ఏమైనా ఉందా అండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒప్పుకోకపోవడమే మంచిదైందమ్మా. బరువు ఒక్కటే చూస్తే లెక్క తేలదు. నీళ్ళలో దిగిన వస్తువు కొన్ని నీళ్ళను పక్కకు నెడుతుంది. అలా నెట్టిన నీళ్ళు ఎంత బరువుంటాయో, అంత బలంతో నీళ్ళు దాన్ని పైకి తోస్తాయి. సుమారు 2,200 ఏళ్ళ కిందట ఆర్కిమిడీస్ చెప్పింది ఇదే. దీన్ని మాత్రం బట్టీ పట్టించకండి. ముందు ఒక కోడిగుడ్డు తీయండి.

గాజు గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి గుడ్డు వేస్తే అడుక్కి పోతుంది. గుడ్డు 55 గ్రాములుండి, 51 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుందనుకుందాం. అది నెట్టే నీళ్ళు 51 గ్రాములు. లోటు నాలుగు గ్రాములే! ఇప్పుడు గుడ్డు బయటికి తీసి, ఒక్కో చెంచా ఉప్పు కలుపుతూ మళ్ళీ మళ్ళీ వేసి చూడండి. నాలుగైదు చెంచాలకు అటూ ఇటూగా గుడ్డు లేచి వస్తుంది. గుడ్డు బరువు అదే. అది నెట్టే 51 మిల్లీలీటర్ల ఉప్పునీళ్ళే 55 గ్రాములు దాటాయి. గుడ్డు తీసి, ఆ ఉప్పునీళ్ళ మీద మంచినీళ్ళు చెంచా వెనక నుంచి మెల్లగా, కదలకుండా పోసి, గుడ్డును జాగ్రత్తగా వదలండి. నడిమధ్యలో ఆగిపోతుంది. పాప మొహం అప్పుడు చూడాలి.

మన రైతులకు ఇది పాత సంగతే. గుడ్డు తేలి పావలా బిళ్ళంత పైకి కనబడేదాకా నీళ్ళలో ఉప్పు కలిపి, అందులో వరి విత్తనాలు పోస్తారు. తాలు గింజలు తేలతాయి, గట్టి గింజలు మునుగుతాయి. తరవాత ఆ గట్టి గింజల్ని మంచినీళ్ళతో బాగా కడగాలి, లేకపోతే ఉప్పుకి మొలక దెబ్బతింటుంది.

ఇక ఓడ సంగతి. బకెట్ నీళ్ళలో స్టీలు చెంచా వేయండి, పక్కనే స్టీలు గిన్నెను బోర్లించకుండా వదలండి. గిన్నె లోపలి ఖాళీ కూడా నీళ్ళను నెడుతుంది, అందుకే తేలుతుంది. ఓడా అంతే.

అన్నట్టు, గుడ్డు తాజాది తీసుకోండి. నిలవుంటే పెంకులోంచి తేమ పోయి లోపల గాలి పెరుగుతుంది. అలాంటిది ఉప్పు లేకుండానే తేలి, మీ ప్రయోగాన్ని పాడు చేస్తుంది.