మిసిసిపీ డెల్టాలో చైనా కొట్టువాళ్ళ అమ్మాయి

ప్రశ్న చూడగానే ఒకావిడ గుర్తొచ్చారు, అందుకే రాస్తున్నా. చైనా నుంచి వలస వెళ్ళినవాళ్ళింట్లో పుట్టి, చిన్న ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ బతికే టీచర్ జీవితం ఎలా ఉంటుంది, ఊరు వాళ్ళని సొంతవాళ్ళుగా చూస్తుందా అని కదా అడిగారు. నాకు తెలిసింది ఈ ఒక్కరే, కాబట్టి అందరి గురించీ అనుకోకండి.

మాది తెనాలి దగ్గర పల్లె. 2009లో జే-1 అనే తాత్కాలిక వీసా మీద అమెరికాలో మిసిసిపీ డెల్టాకి లెక్కల టీచర్‌గా వెళ్ళి మూడేళ్ళు ఉన్నాను. (పంపించిన ఏజెన్సీ ఎంత గుంజిందో ఇంకో రోజు చెప్తా.) డెల్టా అన్నారు కదా అని మన కృష్ణా డెల్టాలా సముద్రం పక్కన అనుకోకండి, మెంఫిస్ నుంచి విక్స్‌బర్గ్ దాకా మిసిసిపీ, యాజూ నదుల మధ్య బల్లపరుపుగా ఉండే నేల. పత్తి, సోయా, వరి, మధ్యమధ్యలో చేపల చెరువులు. కొన్నిచోట్ల కారు ఆపి చూస్తే కైకలూరు రోడ్డేమో అనిపించేది.

మొదటిరోజు స్టాఫ్‌రూమ్‌లో చైనా ముఖం కనబడగానే, పోన్లే నాలాంటివాళ్ళు ఒకరున్నారని ప్రాణం లేచొచ్చి, "మీరూ వీసా మీదే వచ్చారా?" అని అడిగేశాను. ఆవిడ అచ్చం అక్కడి యాసలో సాగదీస్తూ "లేదు హనీ, రైలుపట్టాలకి అవతల పుట్టాను" అన్నారు, అంటే ఆ ఊళ్ళోనే. సిగ్గుతో చచ్చాను. అప్పటికి ఆవిడకి అరవై దగ్గరపడింది, 1972 నుంచి అదే బళ్ళో చరిత్ర చెప్తున్నారు.

వాళ్ళ తాత గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చాడట. 1882లో అమెరికా తెచ్చిన చట్టం ప్రకారం చైనా కూలీలకి ప్రవేశం లేదు, వ్యాపారులకి మాత్రం ఉంది. దాంతో కొట్టు అనేది బతుకుతెరువు ఒక్కటే కాదు, ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం కూడా. డెల్టాలో అలాంటి కొట్లు దాదాపు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి, ఎక్కువగా నల్లవాళ్ళ పేటల్లో. ఇంగ్లీషు రాని తాత కౌంటర్ మీద ఒక పొడుగాటి కర్ర పెట్టేవాడట, వచ్చినవాళ్ళు దాంతో కావలసిన డబ్బా చూపించాలి. సంసారమంతా కొట్టు వెనక గదుల్లోనే. ఈవిడ హోంవర్క్ చేసుకున్నది ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ మూత మీద, టీచరయ్యాక పిల్లల పేపర్లు దిద్దిందీ దాని మీదే. తమ్ముళ్ళిద్దరూ చదువుకుని హ్యూస్టన్ వెళ్ళిపోయారు, అమ్మకి తోడు ఎవరో ఒకరుండాలి కదా అని ఈవిడ ఉండిపోయారు.

మా మామయ్యది కిరాణా కొట్టు, గోడ మీద "అప్పు రేపు" అని బోర్డుండేది, లోపల మాత్రం లావుపాటి ఖాతా పుస్తకం. ఆ మాట చెప్తే ఆవిడ పగలబడి నవ్వారు. వాళ్ళకీ అంతే, పత్తి చేతికొచ్చాకే బాకీలు తీరేది. ఆ పుస్తకం ఆవిడకి బళ్ళో ఎంత పనికొచ్చిందో చెప్పాలి. నాకు మొదటి నెలంతా క్లాస్ చేతిలో ఉండేది కాదు, ఒకరోజైతే కారులో కూర్చుని ఏడ్చాను. ఆవిడ సలహాలేమీ ఇవ్వలేదు, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళి, గ్యాలరీలో వరసగా కూర్చున్న అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ ఒక్కొక్కరినే పరిచయం చేశారు. ఎవరి పిల్ల ఎవరికి పుట్టిందో, ఎవరికి షుగరో, ఎవరు ఏ రకం పిండి కొనేవారో అన్నీ తెలుసు. సోమవారం నుంచి వెనక బెంచీ గోల సగానికి తగ్గింది. నా ప్రతిభ ఏమీ లేదు, నేను నాయనమ్మకి చెప్పేస్తానన్న భయం.

ఇదంతా విని ఊరు నెత్తిన పెట్టుకుందనుకోకండి. అక్కడికి దగ్గర్లోనే రోజ్‌డేల్ అని ఒక ఊరుంది. 1924లో మార్తా లమ్ అనే కొట్టువాళ్ళ పిల్లని, చైనావాళ్ళు తెల్లవాళ్ళు కారని, అక్కడి తెల్లవాళ్ళ బడి నుంచి పంపేశారు. తండ్రి కోర్టుకెళ్ళాడు. 1927లో సుప్రీంకోర్టు ఒక్క జడ్జి కూడా తేడా లేకుండా పంపేయడం సబబే అంది. ఆ తర్వాత చైనా పిల్లల కోసం 1937లో, డెల్టాలోనే ఉన్న క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో బాప్టిస్టుల సాయంతో వేరే బడి కట్టుకున్నారు, ఈవిడ మేనత్త చదివింది అందులోనే. 1940లలో మెల్లగా తెల్లవాళ్ళ బళ్ళు తలుపు తీశాయి, చైనా పిల్లలకి మాత్రమే.

ఆవిడ ఈ కేసు ఏటా చెప్పేవారు. ఒకసారి నేను వెనక కూర్చుని విన్నాను. క్లాసులో అందరూ నల్లపిల్లలే, ఎందుకంటే 1970లో తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ బళ్ళు కలపగానే తెల్లవాళ్ళు ప్రైవేటు అకాడమీలు పెట్టుకుని వెళ్ళిపోయారు. ఒకమ్మాయి చెయ్యెత్తి "మిస్, మరి మీరు ఏ బళ్ళో చదివారు?" అంది. "తెల్లవాళ్ళ బళ్ళో." "మా నాయనమ్మ మీ కొట్లోనే కొనేది కదా?" "అవును." ఆ పిల్ల ఇంకేం అనలేదు. ఈవిడ చేతిలో చాక్‌పీస్ అటూఇటూ తిప్పుతూ కాసేపు నిలబడి, "మా నాన్న మీ డబ్బుతోనే నన్ను అక్కడ చదివించాడు, ఆ బళ్ళోకి మీవాళ్ళని ఎందుకు రానివ్వలేదని మా ఇంట్లో ఎవరం అడగలేదు" అన్నారు. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే. నేనైతే టాపిక్ మార్చేసేదాన్ని.

సొంతవాళ్ళా కాదా అంటే, సమాధానం రోజుకోలా ఉండేది. వాల్‌మార్ట్‌లో కొత్త క్యాషియర్ "ఇంగ్లీష్ బాగా మాట్లాడతారే" అంటుంది, వెనక లైన్లో ఉన్న ఆయనేమో నలభై ఏళ్ళ కిందట ఈవిడ చేతిలో ఫెయిలైనవాడు, వాడు ఆ క్యాషియర్‌ని తిడతాడు. అమ్మానాన్నల సమాధులు గ్రీన్‌విల్‌లో చైనావాళ్ళ శ్మశానంలో ఉన్నాయి, అది కూడా వేరేనే.

కొట్టు వెనక పెరట్లో బూడిద గుమ్మడి పాదు ఉండేది. వాళ్ళు సూప్ చేస్తారు. నాకొకటిస్తే సగం పులుసు పెట్టి సగం వడియాలు పెట్టాను. మా దగ్గర దిష్టికి గుమ్మంలో వేలాడదీస్తామంటే, తినేదాన్ని ఎందుకు వేలాడదీస్తారని వారం రోజులు ఏడిపించారు. వడియాలు మాత్రం డబ్బా మొత్తం తీసుకెళ్ళారు.

నేను వచ్చేశాక కొట్టు అమ్మేశారు. ఖాతా పుస్తకాలు పెరట్లోనే తగలబెట్టారట, అందులో తన దగ్గర చదివిన పిల్లల ముత్తవ్వల పేర్లు, తీరని బాకీలూ ఉన్నాయని. క్లీవ్‌లాండ్‌లో డెల్టా స్టేట్ యూనివర్సిటీలో డెల్టా చైనీయుల మ్యూజియం ఉంది, అక్కడికి ఇచ్చి ఉండాల్సిందని ఫోన్లో గొడవపడ్డాను. ఆవిడ వినలేదు. నాకు ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది.